గోడ మీద బుగ్గమ్మ నడక

ముందు కాలి చప్పుడు వినిపించింది. టప్పుమని ఒక అడుగు, దాని వెంటే సర్రుమని నేలను గీరుతూ ఇంకో అడుగు. టప్, సర్ర్. టప్, సర్ర్. ఇబ్రహీంపట్నం బస్సు డిపో ముందు అప్పుడు వేరే చప్పుళ్ళు చాలా ఉన్నాయి. సాగర్ రోడ్డు మీద టిప్పర్లు పోతున్నాయి. ప్లాట్లు ప్లాట్లు అని ఆటోకు కట్టిన మైకు అరుస్తోంది. వాటన్నిటి కిందినుంచి, నీళ్ళ అడుగున రాయి దొర్లినట్టు, ఆ చప్పుడు వస్తూనే ఉంది. చేపలమ్మే ఆడవాళ్ళెవరూ తలెత్తి చూడలేదు.

"బుగ్గక్క వస్తున్నది, జర జరుగుండ్రే," అని ప్రేమమ్మ తన తట్టను పక్కకు లాక్కుంది.

ఆ తర్వాత మనిషి కనిపించింది. నెత్తిమీద చేపల తట్ట, నడుముకు బిగించిన కొంగు, నలభై దాటిన ముఖం. ఎడమ మోకాలి కింద ఎముక వంకరగా అతుక్కుని, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. ఆ పాదాన్ని ఆమె వెంట నడిపించదు, ఈడ్చుకొస్తుంది, మొండికేసిన మేకపిల్లను ఈడ్చినట్టు.

"గా బొమ్మల పిలగాడు తోలిండా నిన్ను?" అంది, తట్ట దించకముందే.

అవునన్నాను. కంప్యూటర్‌లో బొమ్మలు చేసే విద్యాసాగర్, కథలు రాసే నన్ను ఒక్క మాట అడిగి రమ్మన్నాడు. గోడ మీది వెలుగులో ఆమె నడకతో నడిచే తన బొమ్మ జీవిని హైదరాబాదులో ఒక పెద్ద ప్రదర్శనలో పెట్టాలనుకుంటున్నాడు. ఆమె ఒప్పుకుంటుందా?

"ఇప్పుడు అడుగుతున్నడా? నడక ఎత్కపోయిననాడు అడగలే." తట్టలోంచి ఒక రవ్వచేపను తోక పట్టి పైకి లేపింది. "జవాబు ఎనక చెప్త. ముందుగాల నా కాలు ముచ్చట ఇను. సగం ఇని సగం రాసినవనుకో, దీంతోనే మొఖం మీద కొడ్త."

"కొట్టకే, కిలో పైన తూగుతది. మొఖాలకు వేస్టు చేస్తవా," అంది ప్రేమమ్మ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బుగ్గమ్మ నవ్వలేదు.

ఆమె చెరువు మీద బతికిన ఇంటి మనిషి. తండ్రి లింగస్వామి పెద్ద చెరువులో వల వేసేవాడు. కూతురు తట్ట నింపుకుని ఊళ్ళు తిరిగేది. చెరువు ఎండిపోయిన ఏళ్ళలో వల గోడకెక్కింది. అడుగున పగిలిన నల్లమట్టిలో పిల్లలు క్రికెట్ ఆడారు. హైదరాబాదు ఈ వైపుకు నడవడం మొదలుపెట్టింది కూడా అప్పుడే. జొన్నచేలలో తెల్లరాళ్ళు మొలిచాయి. రాళ్ళ మధ్య రోడ్లు పరుచుకున్నాయి, రోడ్ల పక్కన ఇళ్ళు లేకుండానే దీపాలు వెలిగాయి. చేప పట్టిన చేతులకు ఇసుక దొరికింది. భర్త ఐలేష్ ఇటుకల ట్రాక్టరెక్కాడు. బుగ్గమ్మ సిమెంటు తట్ట ఎత్తింది.

కొంగరకలాన్ వైపు ఒక పెద్ద వెంచర్ వచ్చింది. ఇంకా ఒక్క ఇల్లూ లేవలేదు, కానీ దానికి కోటగుమ్మం లాంటి కమాను కావాలన్నారు. కమాను మీద తొండాలెత్తిన రెండు ఏనుగులు కావాలన్నారు. ఏనుగు తొండానికి సిమెంటు అందిస్తున్న రోజు బుగ్గమ్మ కాళ్ళకింద పరంజా కర్ర జారింది. ఆమె కిందపడింది. తట్ట ఆమె మీద పడింది. సిమెంటు ఆమె పైటమీద గట్టిపడుతుండగా, ఎవరో ఇంకో తట్టతో పైకి ఎక్కుతూనే ఉన్నారట, ఏనుగు తడి ఆరిపోతుందని.

ఆ పని చూసే మహేశ్వర్ వాళ్ళ వాడకట్టు వాడే. వాళ్ళ నాన్న, లింగస్వామి ఒకే వలకు చెరో కొస పట్టుకుని లాగినవాళ్ళు. అతనే ఆమెను వ్యాన్‌లో పడుకోబెట్టాడు.

"దవాఖానకు తోలు మహేశా," అంది ఆమె.

"దవాఖానకు పోతే కేసైతదక్కా. పని బందైతది. మనోళ్ళు ఎంతమంది ఉన్నరు ఈడ? అందరి నోట్ల మన్ను కొడ్తవా?"

వ్యాన్ అబ్దుల్లాపూర్‌మెట్ దాటి, ఎముకలకు కట్టు కట్టే ఒక ముసలాయన ఇంటి ముందు ఆగింది. కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, పాత ధోవతి పీలికలు. ఆయన తప్పు ఏమీ లేదంటుంది బుగ్గమ్మ. విరిగిన చోటు ఒకటని ఆయనకు చెప్పారు. విరిగింది రెండు చోట్ల.

ఆమె ఇంకా మంచం దిగకముందే మహేశ్వర్ రొట్టె ప్యాకెట్టు పట్టుకుని ఇంటికి వచ్చాడు. రొట్టె పక్కన పెట్టి, గోడమీది వల దించాడు.

వాళ్ళ వాడకట్టులో ఒక పద్ధతి ఉంది. చేప పంచుకునే దగ్గర తగువు వస్తే ఇద్దరూ ఒకే వల మీద చేతులు పెట్టి మాట ఇచ్చుకుంటారు. ఒక్కరి మాట ఉండదు, రెండు మాటలుంటాయి. ఎవరు మాట తప్పితే వాళ్ళ చెయ్యి లేచినట్టు. ఒక చెయ్యి లేస్తే రెండో మనిషి కూడా విడుదలైనట్టు. మనసులో అబద్ధం పెట్టుకుని మాత్రం ఆ వలను ఎవరూ ముట్టరు.

"ఇంట్ల బండ మీద జారిపడ్డ అని చెప్పాలె. గంతే," అన్నాడు మహేశ్వర్.

"మరి నీ మాటేంది?"

"కమాను పక్కన ఏసీ హాలు కడ్తున్నరక్కా. గా హాలు ఉన్నన్ని దినాలు అండ్ల ఊడ్చే నౌకరి నీదే. ఎండ మొఖం చూసే పని లేదు."

వల మీద రెండు చేతులు పడ్డాయి. ఆ రోజునుంచి ఎవరడిగినా ఆమె బండ మీద జారింది. అత్తకు చెప్పింది, చుట్టాలకు చెప్పింది, కాలు నొప్పికి మాత్రలిచ్చిన డాక్టరుకు కూడా చెప్పింది. ఆమెతో పాటు ఆ అబద్ధమూ కుంటుకుంటూ ఊరంతా తిరిగింది. తర్వాత వానలు పడి చెరువు నిండింది. ఊరంతా కట్ట మీదికి పరుగెత్తింది. బుగ్గమ్మ అక్కడికి చేరేసరికి అందరూ చూసి తిరిగివస్తున్నారు.

ఏసీ హాలు పూర్తయింది. ప్లాట్లు చూడవచ్చే వాళ్ళకోసం అందులో ఒక గోడ మొత్తాన్ని వెలుగుతో నింపారు. ఆ వెలుగులో ఒక జీవి ఉంది. పిట్ట కాదు, మేక కాదు. రెండు పొడుగాటి కాళ్ళు. వీపునిండా కొర్రకంకుల్లాంటి వెంట్రుకలు. నీటిబుడగల్లాంటి కళ్ళు, ఇప్పుడే పగిలిపోతాయా అన్నట్టుండేవి. కంపెనీ వాళ్ళు దానికి చిగురు అని పేరు పెట్టారు. బుగ్గమ్మ దాన్ని ఏనాడూ ఆ పేరుతో పిలవలేదు. "గోడ మీది కొక్కిరాయి" అనేది.

దాన్ని చేసినవాడు విద్యాసాగర్. హైదరాబాదు పిల్లవాడు. ఇది సినిమా కాదు, తీసి ఆడించిన బొమ్మ కాదు అని వచ్చినవాళ్ళకు ఓపికగా చెప్పేవాడు. దానికి పుట్టుకతో వచ్చింది కిందపడటం ఒక్కటే. హాలు కప్పులో కెమెరాలున్నాయి. వాటిలోంచి అది మనుషుల్ని చూస్తుంది. కంప్యూటర్‌లోని కృత్రిమ మేధ ఆ నడకల్ని పోగేసుకుంటుంది. ఎక్కువసేపు ఎవరిని చూస్తే వాళ్ళలా నిలబడటం, కదలడం దానంతట అదే నేర్చుకుంటుంది. పాదాల చప్పుడు కూడా. పిల్లల గంతులు, జంటల షికారు నేర్చుకుంటుందని అతని ఆశ.

కానీ వచ్చినవాళ్ళెవరూ హాల్లో నిలవలేదు. గోడ ముందు ఫోటో దిగి, తూర్పు ముఖం ప్లాటెక్కడ అని అడిగి వెళ్ళిపోయేవారు. నిలిచింది ఒక్క బుగ్గమ్మ. రోజూ పొద్దున హాలు తెరవకముందే, ఎవరూ లేని ఆ వెలుగులో, ఆ కళ్ళముందు. ఆర్పితే మళ్ళీ వెలిగించడం పెద్ద పని కాబట్టి గోడను ఎప్పుడూ ఆర్పేవాళ్ళు కాదు. ఆమె నేల తుడిచేది. తుడిచిన నేలమీద తన అడుగులు పడకుండా నడుం వంచి వెనక్కి వెనక్కి నడిచేది. టప్, సర్ర్. గోడ మీది జీవి రెప్ప వేయకుండా చూసేది.

"ఏంది గట్ల గుడ్లు మిటకరిస్తవ్? పని లేదా పాటు లేదా?" అని దాన్ని తిట్టేది.

ఆ తిట్లలోనే అది పెరిగింది.

ఒక ఆదివారం, ప్లాటు చూడవచ్చిన కుటుంబంలోని చిన్నపాప గోడ వైపు చెయ్యి చాపింది. జీవి నడుం వంచింది. పాపకు ఎదురు రాకుండా వెనక్కి నడిచింది. ఎడమకాలు ఈడ్చింది. స్పీకర్లలోంచి హాలంతా వినిపించింది: టప్, సర్ర్. పాప తండ్రి పడీ పడీ నవ్వాడు. తనూ వంగి, కాలు ఈడ్చి చూపించాడు. వీడియో తీశారు. ప్లాట్లమ్మే కుర్రాళ్ళు ఆ సాయంత్రానికే దానికి పేరు మార్చేశారు: బుగ్గక్క చెల్లె.

"నేను అద్దంల మొఖమే చూస్త. నడకెట్లుంటదో నాకేం ఎరుక?" అంది బుగ్గమ్మ నాతో, కత్తిపీట మీద చేపను రెండు చేస్తూ. "గానాడు గోడ మీద చూసిన. గట్లుంటదా నా నడక? గంత పాడుగుంటదా? మందిల నన్ను బట్టలిప్పి నిలవెట్టినట్టయింది."

ఆ రోజు చేతిలోని తుడుపుకర్రను గోడకేసి విసిరింది. విద్యాసాగర్ పరుగెత్తుకొచ్చాడు. అతని కళ్ళలో భయం లేదు, సంబరం ఉంది. ఆమెకు మండింది అక్కడే.

"అమ్మా, ఎంత గొప్ప సంగతి తెలుసా! మేమెవ్వరం నేర్పలేదు. మీ నుంచి తనంతట తనే నేర్చుకుంది."

"నన్ను అడిగినవా?"

"అంటే... అడగడానికి మాకూ ముందు తెలియదు కదమ్మా."

"నా కాలు ఇరిగింది నీ బొమ్మలాటకా? నా బాధ తోటి నీకు దావత్తా?"

అతను కాలి వైపు చూశాడు. ఇన్ని రోజుల్లో ఆ కాలిని చూడటం అదే మొదటిసారి. "ఇంతకీ మీ కాలికి ఏమైంది?"

మహేశ్వర్ అప్పటికి మేనేజరయ్యాడు. గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

"ఇంట్ల బండ మీద జారిన," అంది బుగ్గమ్మ.

ఆ సంగతి నాకు చెబుతూ ఆమె చేపను కోయడం ఆపింది. "నేను ముందట అబద్ధం చెప్తున్న. అది ఎనక నిజం నడుస్తున్నది. మాట ఇచ్చింది నా నోరు. కాలు ఇయ్యలే కద."

ఆ తర్వాత రోజుల్లో ఆమె దాన్ని తిట్టడం మానలేదు, తిట్లే మారాయి. "సక్కగ నడ్వు, ముండా! నా లెక్క కాకు!" అని అరిచేది. తుడుపుకర్ర పక్కన పెట్టి, గోడ పట్టుకుని, పళ్ళు బిగించి, ఎడమపాదాన్ని నిటారుగా వేయడానికి ప్రయత్నించేది, దానికి చూపించడం కోసం. అదీ ప్రయత్నించేది. ఇద్దరి మోకాళ్ళూ ఒకేసారి వణికేవి. ఇద్దరి పాదాలూ మళ్ళీ బయటికే తిరిగేవి. ఖాళీ హాల్లో, చల్లని గాలిలో, అబద్ధం చెప్పలేని రెండు కాళ్ళు.

వెంచర్ రెండో భాగానికి ప్రారంభోత్సవం పెట్టారు. మహేశ్వర్ గోడను చూసి తల పట్టుకున్నాడు.

"లోపటికి రాంగనే కుంటిది ఎదురొస్తే ఎవడు కొంటడు? తుడిచేయుండ్రి."

తుడిచేయడమంటే నేర్చుకున్నదంతా మరిపించడం. విద్యాసాగర్ కాసేపు వాదించాడు. హాలు కంపెనీది, గోడ కంపెనీది. పాత చిగురును తన కంప్యూటర్‌లో దాచుకుని, గోడ మీద దాన్ని మళ్ళీ పసిగుడ్డును చేశాడు. నగరం నుంచి నాట్యం నేర్చిన ఒక అమ్మాయిని పిలిపించి దానిముందు నడిపించారు. బుగ్గమ్మ నీడ కూడా దాని మీద పడకూడదన్నారు. ఆమె పని బయటికి మార్చారు. కమాను కింద ఊడ్వాలి. ఏనుగుల కింద, ఎండలో, ఆమె పడిన చోటే.

"నౌకరి తియ్యలే కదక్కా. జాగ మారింది, గంతే," అన్నాడు మహేశ్వర్.

"హాలు ఉన్నదా, కూలిందా?"

"ఉన్నది."

"అండ్ల నేనున్ననా?"

మహేశ్వర్ చేతిలోని ఫోన్ వైపు చూశాడు.

"నీ చెయ్యి లేసింది మహేశా."

"అక్కా, ఇది కంపెనీ ఆర్డరు. వల మీద చెయ్యి పెట్టింది నేను గని కంపెనీ పెట్టలే."

ఆ రోజు ఆమె ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. ఐలేష్ తక్కువ మాటల మనిషి. భార్య ముఖం చూశాడు, గోడ వైపు చూశాడు. "వల దించాల్నా?" అని అడిగాడు. "దించు," అంది.

ప్రారంభోత్సవం నాడు హాలు నిండా జనం. పూలు, కూల్‌డ్రింకులు, కొత్త బట్టల వాసన. గోడ మీద చిగురు నెమలిలా మెడ ఎత్తి నడుస్తోంది. అడుగు అడుగుకీ చప్పట్లు. అప్పుడు గుమ్మం దగ్గర వినిపించింది: టప్, సర్ర్. కొందరు స్పీకర్ల వైపు చూశారు. చప్పుడు స్పీకర్లలోంచి కాదు. భుజం మీద వలతో బుగ్గమ్మ నడిచి వస్తోంది. వెనక్కి కాదు, ముందుకు. ఇన్నాళ్ళూ తుడిచిన నేలమీద తన అడుగులు తానే వేస్తూ.

జీవి ఆమె వైపు తిరిగింది. నాట్యం అడుగులతో అందంగా దగ్గరికి వచ్చి, వచ్చిన చుట్టాన్ని చూసినట్టు తల వంచింది. అది ఆమెను గుర్తుపట్టలేదు.

బుగ్గమ్మ చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత జనం వైపు తిరిగింది.

"దీని కాలు బాగుచేసిండ్రు. మంచిగున్నది. గోడ మీది బొమ్మకు కాలు బాగుచేసేటోళ్ళు నన్ను దవాఖానకు ఎందుకు తోలలే?"

మైకులోని పాట ఆగింది. ఆమె వలను నేలమీద పరిచింది.

"నేను ఇంట్ల జారలే. గా కమాను మీదికెల్లి పడ్డ. ఏనుగు తొండం చేస్తుంటే పడ్డ. కేసైతదని నన్ను దవాఖాన దాటిచ్చి తీస్కపోయిండ్రు. ఇన్నొద్దులు అబద్ధం చెప్పిన. ఇగ చెప్ప."

"బుగ్గక్కా!" మహేశ్వర్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఒట్టు మర్చినవా?"

"నీ చెయ్యి ముందుగాల లేసింది. నేను చెప్పింది అబద్ధమైతే రా. గీ వల మీద చెయ్యి పెట్టి అబద్ధమని చెప్పు. నా మొఖం ఇగ ఎవలకూ చూపియ్య."

జనం అతనికి దారి వదిలారు. మహేశ్వర్ వల అంచుదాకా వచ్చాడు. మెరిసే బూట్ల ముందు, పాలరాతి నేలమీద, ఎన్నో ఎండాకాలాలు గోడకు వేలాడిన నల్లటి దారాలు. ఆ వలకు ఒక కొస లాగింది వాళ్ళ నాన్న. అతను వంగాడు. చెయ్యి కొంచెం చాపాడు. వేళ్ళు గాలిలోనే ఆగిపోయాయి. మళ్ళీ లేచి నిలబడ్డాడు. ఎవరి వైపూ చూడలేదు.

ఒక పెద్దావిడ అద్దంలోంచి బయటి ఏనుగుల వైపు చూసి, చేతిలోని కూల్‌డ్రింకు కింద పెట్టేసింది.

మర్నాడు బుగ్గమ్మకు ఆ గేటు మూసుకుంది. కాలి గురించి ఫిర్యాదు పెట్టింది. అది నడుస్తోంది, ఆమెకన్నా మెల్లగా. ఇంట్లోనే జారిందని కంపెనీ అంటోంది. అడిగితే ఊళ్ళో సగం మంది అదే చెబుతున్నారు. ఆమె నోటితోనే విన్నారు మరి. తాను ఊరంతా పంచిన అబద్ధం ఇప్పుడు సాక్షులై తిరిగొచ్చి ఆమె ఎదుట నిలబడుతోంది. ఆ రోజు కమాను మీద ఆమెతో పనిచేసినవాళ్ళు కూలి పోతుందని ముందుకు రావడం లేదు. వలకూ చేతులకూ అక్కడ లెక్క లేదు. హాల్లో తీసిన వీడియోలున్నాయి, కానీ వాటిలో ఆమె మాటలకన్నా చిగురు నాట్యమే ఎక్కువగా కనిపిస్తుంది.

చెరువులో నీళ్ళున్నాయి కాబట్టి ఐలేష్ ఆ వలే వేస్తున్నాడు. ఆమె డిపో ముందు అమ్ముతోంది. కోపం తగ్గిందా అని ప్రేమమ్మ అప్పుడప్పుడు ఆటపట్టిస్తుంది. "తగ్గుడేంది, అది గూడ వంకరగనే అతికింది," అంటుంది బుగ్గమ్మ.

తట్ట ఖాళీ అయింది. ఆమె కత్తిపీట కడిగి, చేతులు తుడుచుకుని, ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి పక్కకు పెట్టుకుంది. విద్యాసాగర్‌కు ఏం చెప్పమంటావని అడిగాను.

"నడిపియ్యుమను. గని సక్కగ చేసిండంటే ఊకోను, నా లెక్కనే నడిపియ్యాలె. పక్కపొంటి పెద్ద పెద్ద అక్షరాల రాసి పెట్టుమను: గీ కాలు ఇంట్ల ఇరగలే, ఇబ్రహీంపట్నం కాడ ఏనుగుల కమాను కింద ఇరిగింది అని. అందరు చూసి నవ్వాలనుకుంటే గది సదివినంక నవ్వుమను. రాయనంటే మాత్రం దాన్ని బందు పెట్టుమను. బందు పెట్టకపోతే నేనే వస్త పట్నం. నేనొచ్చిన్నని ఎవలూ పోయి చెప్పే పని లేదు. నా కాలు సప్పుడే ముందుగాల ఇనవడ్తది."